మన పిల్లల పండ్లు: గార అంతా ఒక్కటి కాదు

(మన సంఘం వార్షిక సభలో గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 



పిల్లల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. నేను పండ్ల గురించి చెప్తానన్నాను. ఒక పెద్దాయన నవ్వి, "సాంస్కృతిక సభలో పండ్ల ముచ్చటేందమ్మా?" అన్నారు. సంబంధం ఉంది పెద్దయ్యా. తీజ్ పండుగకు మన ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూ పాటలు పాడతారు. పాట నోరు తెరిచి పాడాలి. నల్లగొండ దిక్కు తండాల్లో పెరిగిన పిల్లలు ఎంతోమంది ఆ పాట పాడేటప్పుడు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఫొటో అంటే పెదవులు బిగబడతారు. క్లాసులో జవాబు తెలిసినా లేవరు. ఎందుకంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి "గారపండ్లది" అన్నారు.

నేను టీచర్ ట్రైనింగ్ చేసి హాస్టల్ పనిలోకి వచ్చినదాన్ని. అందుకని పాఠం చెప్పినట్టే చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

"గార" అనే ఒక్క మాటలో మనం మూడు వేరువేరు సంగతులు కలిపేశాం. తాగిన నీళ్ల వల్ల పడ్డ మచ్చను గార అంటాం. తోమక పేరుకున్న పాచి గట్టిపడితే దాన్నీ గార అంటాం. తంబాకు, చుట్ట పెట్టిన మరకనూ గారే అంటాం. మూడింటికీ కారణం వేరు, మందు వేరు. మూడింటినీ ఒకటిగా చూడడం వల్ల ఒక దిక్కు ఏ తప్పూ లేని పిల్ల సిగ్గుతో చస్తోంది. ఇంకో దిక్కు అదే పిల్ల "ఎంత తోమినా తెల్లగ కావు గదా" అని తోమడమే మానేసి, ఉన్న గట్టి పండ్లను పోగొట్టుకుంటోంది. ఈ రెండు నష్టాలూ ఆగాలి. నా ముచ్చటంతా ఇదే.

నీళ్లు పెట్టిన మచ్చ

మన నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. మన దిక్కు వానలు తక్కువ. చెరువు కింద భూములు ఊళ్లవాళ్లవి, మన తండాలేమో గట్ల మీద. అందుకని మనం లోతు బోర్ల మీదే బతికాం. రాతి సందుల్లో ఏండ్లకేండ్లు నిలిచిన నీళ్లలో ఫ్లోరైడ్ కరుగుతుంది. చూస్తే తేటగా ఉంటుంది, వాసన రాదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 మిల్లీగ్రాములు మించొద్దని మన దేశ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, దేవరకొండ దిక్కు బోర్లలో ఎన్నో చోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది.

ఇది నిన్నమొన్నటి కథ కాదు. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును డాక్టర్లు గుర్తించారు. 1940లలో నిజాం రాజ్యంలో మన దిక్కు కూడా ఉందని తేలింది. 1975లో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేశారు. దానికి "నల్గొండ టెక్నిక్" అని పేరు. ఇథియోపియా, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పద్ధతిని వాడి చూశారు. మన జిల్లా పేరు ప్రపంచానికి అట్ల తెలిసింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోస దేశానికి వినిపించాలని జల సాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేస్తే, నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అప్పుడు నేను చదువుకునే పిల్లను. మా తండాలో ఆ ముచ్చట చెప్పుకొని నవ్వినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు.

ఇప్పుడు పండు దగ్గరికి వస్తాను. పండు మీద తెల్లగా మెరిసే గట్టి పొరను బడి పుస్తకాల్లో పింగాణి పొర అంటారు. మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది అదే. అది ఇగురు లోపల, పండు బయటికి రాకముందే తయారవుతుంది. ముందు పండ్ల పింగాణి పిల్ల పుట్టినప్పటి నుంచి నాలుగైదు ఏండ్ల లోపల తయారవుతుంది. దవడ పండ్లు కూడా, చివరి జ్ఞానదంతాలు తప్ప, ఎనిమిదేండ్లకు దాదాపు పూర్తవుతాయి. ఆ ఏండ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న నీళ్లు తాగితే పింగాణి సరిగ్గా గట్టిపడదు. బయటికి వచ్చేటప్పుడే పండు సుద్దలాగా తెల్లటి గీతలతో వస్తుంది. పోనుపోను ఆ గీతలు పసుపు, గోధుమ రంగుకు తిరుగుతాయి. జబ్బు ముదిరిన చోట చిన్న చిన్న గుంతలు కూడా పడతాయి.

అంటే ఏమిటి? పిల్ల మాటలు నేర్చేనాటికే ఆ మచ్చకు పునాది పడిపోయింది. ఆ పిల్ల అప్పటికి బ్రష్ పట్టి కూడా ఉండదు. మరి మురికిదని ఎట్లా అంటాం?

ఆరో తరగతిలో మా హాస్టల్‌కు వచ్చిన ఒక అమ్మాయి పొద్దున అందరికంటే ముందే లేచి, గోడ వెనక కూర్చొని ఇటుకపొడితో పండ్లు రాసుకునేది. ఇగుళ్ల నుంచి నెత్తురు కారేది. ఇంట్లో కూడా అట్లనే రాసేదట. దవాఖాన నుంచి పండ్ల డాక్టరమ్మ క్యాంపుకు వచ్చినప్పుడు ఆ పిల్ల నోరు చూసి, ఇది నీళ్ల మచ్చ, నీ తప్పు కాదు, నువ్వు పాలు తాగే వయసులోనే పడింది అని చెప్పింది. ఆ పిల్ల నా వైపు తిరిగి, "అయితే నేను మురికిదాన్ని కాదా మేడం?" అని అడిగింది. పన్నెండేండ్ల పిల్ల ఆ మాట అడిగిందంటే, ఎన్నేండ్ల నుంచి ఆ బరువు మోస్తోందో ఆలోచించండి. ఈ సభలో అమ్మలున్నారు, నాయనలున్నారు. మీ పిల్లకు ఈ మాట మీరే చెప్పండి. బయటివాళ్లు చెప్పేదాకా ఆగకండి.

ఇటుకపొడి, బూడిద, బొగ్గు, గరుకు ఉప్పు ఏవీ ఈ మచ్చను తీయలేవు. రంగు పై మరక కాదు, పండులోనే ఉంది. పైగా నీళ్ల మచ్చ పడ్డ పింగాణి ముందే గుల్లగా ఉంటుంది. దాన్ని గరుకు పొడితో రాస్తే అరిగిపోతుంది, తర్వాత చల్ల నీళ్లు తగిలినా జివ్వుమంటుంది.

మూడింటినీ ఎట్లా గుర్తుపట్టాలి

పిల్లను వెలుగులో కూర్చోబెట్టి నోరు తెరిపించండి.

నీళ్ల మచ్చ జంటలుగా ఉంటుంది. కుడి పక్క ముందు పండు మీద ఉంటే ఎడమ పక్క పండు మీదా ఉంటుంది. అడ్డగీతల్లాగా, మబ్బుల్లాగా కనిపిస్తుంది. మామూలుగా అయితే నొప్పి ఉండదు.

పాచి అంటే పండు మీద పేరుకునే మెత్తటి, జిగట పొర. గోరుతో గీకితే వస్తుంది. రోజూ తోమకుంటే అదే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి రాయిలా అంటుకుంటుంది. ఇదీ గారే, కానీ నీళ్ల గార కాదు. పండు, ఇగురు కలిసే చోట, ముఖ్యంగా కింది ముందు పండ్ల లోపలి వైపు గరుకుగా తగులుతుంది. ఒకసారి గట్టిపడితే బ్రష్‌తో పోదు, డాక్టరే తీయాలి.

తంబాకు మరక నల్లగా, ఎక్కువగా పండ్ల సందుల్లో, లోపలి వైపు ఉంటుంది. పెద్దవాళ్లలో చూస్తాం. ఈ మధ్య పదో తరగతి పిల్లల్లో కూడా చూస్తున్నాం.

ఈ మూడు కాక నాలుగోది పుచ్చు. అది ఒక పండుకే ఉండొచ్చు, నల్లటి చుక్కతో మొదలై గుంత అవుతుంది, తిన్నది ఇరుక్కుంటుంది, చివరికి రాత్రి నిద్ర పట్టనియ్యదు.

నీళ్ల మచ్చ ఉన్న పిల్లకు పుచ్చు రాదని అనుకోకండి. రెండూ ఒకే నోట్లో ఉంటాయి. మచ్చ మన చేతిలో లేకుండా వచ్చింది. పుచ్చు, పాచి మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

పుచ్చు, ఆరేండ్ల దవడ పండు

పుచ్చు పండులో పురుగు ఉంటుందని మన పెద్దలు అంటారు. నేలవాకుడు కాయల పొగ పట్టి పురుగు తీస్తామనేవాళ్లూ ఉన్నారు. కండ్లకు కనిపించే పురుగు ఏదీ ఉండదు. కంటికి కనపడని సూక్ష్మజీవులు పాచిలో ఉంటాయి. మనం తిన్న తీపిని, పిండిని అవి తిని పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు పింగాణిని కరిగిస్తుంది. తిన్న ప్రతిసారీ ఇది జరుగుతుంది. అందుకని ఎంత తీపి తిన్నాం అన్నదాని కంటే, రోజుకు ఎన్నిసార్లు తిన్నాం అన్నదే పెద్ద లెక్క. బువ్వతోపాటు ఒక లడ్డు తినడం వేరు, పొద్దంతా చాక్లెట్ చప్పరించడం వేరు.

మా నాయనమ్మ కాలంలో జొన్నరొట్టె, కూర, పండుగకు లాప్సి. రొట్టె నమిలితే పండుకు పని ఉండేది. ఇప్పుడు తండా మూల మీది కొట్టులో కూడా అయిదు రూపాయల ప్యాకెట్లు తోరణాలు కట్టి ఉన్నాయి. పట్నానికి, పుణెకు, ముంబైకి కూలికి పోయిన అమ్మానాయనలు సెలవులకు వచ్చినప్పుడు ప్రేమతో తెచ్చేవీ అవే. పండుగ సెలవులు అయిపోయి హాస్టల్‌కు తిరిగొచ్చిన వారంలోనే పండ్ల నొప్పి అనే పిల్లలు ఎక్కువ. ఆ ప్రేమ జామకాయ రూపంలో, పల్లీల రూపంలో వస్తే ఎంత మేలు.

ఇంకో ముఖ్యమైన ముచ్చట. పిల్లలకు పాలపండ్లు 20. ఆరేండ్లు వచ్చే టైముకు ఆ పాలపండ్ల వెనక, పై దవడకు రెండు, కింది దవడకు రెండు కొత్త దవడ పండ్లు వస్తాయి. వాటికోసం పాలపండు ఏదీ ఊడదు. అందుకని అమ్మకు తెలియదు, ఇది కూడా పాలపండే, ఊడి మళ్లీ వస్తుందిలే అనుకుంటుంది. అది ఊడితే మళ్లీ రాదు. జీవితాంతం నమిలే పండు అదే. అయిదో తరగతిలో చేరే పిల్లల నోరు చూస్తే పుచ్చు ముందుగా పట్టేది ఎక్కువగా ఆ పండుకే. ఈ సభ నుంచి ఇంటికి పోయి మీ ఇంట్లో ఆరేడేండ్ల పిల్లలుంటే ఆ నాలుగు పండ్లు చూడండి. గాట్లలో నల్లగా ఉంటే ఇప్పుడే డాక్టరుకు చూపండి. చిన్న గుంతను నింపడం సులువు. నొప్పి వచ్చేదాకా ఆగితే పండు పీకాల్సి రావచ్చు.

పాలపండ్లు ఎట్లా అయినా ఊడేవే గదా అని వదిలేయకండి. అవి తొందరగా పోతే వెనక వచ్చే పండ్లకు జాగా కుదరక వంకరగా వస్తాయి. పుచ్చు పండులో జిల్లేడు పాలు పోయడం, తంబాకు కుక్కడం అసలు చేయొద్దు. ఇగురు కాలుతుంది. లవంగం కాసేపు ఉపశమనం ఇస్తుంది, పుచ్చును మాన్పదు.

హాస్టల్‌లో మేం చేసే పని

ఇప్పుడు పని ముచ్చట. ప్రభుత్వం పిల్లలకు ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీలలో బ్రష్, పేస్టు కూడా లెక్కే. కాని బ్రష్ ఇచ్చినంత మాత్రాన పండ్లు తోమినట్టు కాదు. మేం పెట్టుకున్న పద్ధతి చెప్తాను, ఇంట్లో కూడా కుదురుతుంది.

ఒకటి, రోజుకు రెండుసార్లు. రెండింటిలో రాత్రిది ముఖ్యం. నిద్రలో నోట్లో ఉమ్మి తక్కువ ఊరుతుంది, పండ్లను కడిగే నీళ్లు ఉండవు. బువ్వ తిన్నాక తోమి, ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ తినొద్దు. మా దగ్గర రాత్రి స్టడీ అవర్ అయ్యాక, లైట్లు ఆర్పే ముందు వరుసగా తోముతారు. మొదట్లో గొణిగారు, ఇప్పుడు చిన్నపిల్లలే పెద్దవాళ్లను లేపి తీసుకొస్తారు.

రెండు, బ్రష్ ఎవరిది వాళ్లదే. అక్కాచెల్లెళ్లయినా పంచుకోవద్దు. మేం ఒక్కో బ్రష్‌కు ఒక్కో రంగు దారం చుట్టి, పేరు రాసి, ఒకదానికొకటి తగలకుండా నిలబెడతాం. కుచ్చులు విచ్చుకుంటే లేదా మూడు నెలలు దాటితే మార్చాలి. మెత్తటి కుచ్చుల బ్రష్ కొనండి. గట్టిది కొంటే బాగా తోముతుందనుకోవడం పొరపాటు, అది ఇగుళ్లను చీరుతుంది.

మూడు, ఎట్లా తోమాలి. పండు, ఇగురు కలిసే చోట బ్రష్‌ను కొంచెం ఏటవాలుగా ఆనించాలి. పై పండ్లకు పైనుంచి కిందికి, కింది పండ్లకు కింది నుంచి పైకి. బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు, ఆఖరుకు నాలుక. అంతా కలిపి రెండు నిమిషాలు. రంపం కోసినట్టు అడ్డంగా రాయొద్దు. మా పిల్లలు ప్రతి దిక్కుకూ ఇరవై లెక్కపెడతారు, ఎక్కాలు నేర్చుకున్నట్టే.

నాలుగు, పేస్టు. ఎక్కువ పేస్టు పెడితే ఎక్కువ శుభ్రమని కాదు. మూడేండ్లలోపు పిల్లలకు బియ్యం గింజంత, ఆరేండ్లలోపు బఠానీ గింజంత చాలు. ఈ వయసు పిల్లలు పేస్టు మింగుతారు, పక్కన నిలబడి ఉమ్మించాలి. చాలా పేస్టుల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. అది పండుకు పైన తగిలితే పుచ్చు రాకుండా కాపాడుతుంది. కాని పండ్లు తయారయ్యే వయసులో కడుపులోకి పోవడం మంచిది కాదు. ఇంకా బోరు నీళ్లే తాగే ఇండ్లలో చిన్నపిల్లలకు ఫ్లోరైడ్ లేని పేస్టు వాడాలా అని డాక్టరును అడగండి.

యాప పుల్ల సంగతి అడిగేవాళ్లుంటారు. యాప పుల్ల, కానుగ పుల్ల, ఉత్తరేణి పుల్ల మన పెద్దల నుంచి వచ్చినవి, వాటిని తక్కువ చేసి చూడను. కొస మెత్తగా కుచ్చు అయ్యేదాకా నమిలి, ఇగుళ్లకు గుచ్చుకోకుండా నెమ్మదిగా తోమితే మంచిదే. అయితే దవడ పండ్ల వెనక్కు, లోపలి వైపుకు పుల్ల చేరదు. పొద్దున పుల్ల వాడేవాళ్లు రాత్రికి బ్రష్ వాడండి. ఇద్దరికీ తగాదా లేదు.

ఇగుళ్ల నుంచి నెత్తురు

తోమేటప్పుడు నెత్తురు వస్తే చాలామంది తోమడం ఆపేస్తారు. అది తిరకాసు. నెత్తురు వస్తున్నది ఎక్కువగా పాచి పేరుకొని ఇగురు వాచినందువల్ల. మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా, మానకుండా తోమితే వారం, పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకుంటే, లేదా గట్టి గార ఉంటే డాక్టరు దగ్గర తీయించుకోవాలి. గార తీస్తే పండ్లు కదులుతాయని భయపడతారు. పండును కదిలించేది గారే. అది ఇగురును, కింది ఎముకను తింటూ పోతుంది. ఎప్పటి నుంచో పట్టి ఉన్న రాయిని తీసేసరికి అసలు కదలిక బయటపడుతుంది, అంతే.

గర్భంతో ఉన్న యాడీలకు ఇగుళ్లు తొందరగా వాస్తాయి. ఆ నెలల్లో తోమడం మానొద్దు. షుగర్ ఉన్న పెద్దలకు ఇగుళ్ల జబ్బు ఎక్కువ, ఇగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టం. రెండూ ఒకదానికొకటి ఎగదోసుకుంటాయి.

ఇక తంబాకు. అమ్రాబాద్ అడవి పెంటల్లో నీళ్ల కథ వేరు, దేవరకొండ తండాల్లో నీళ్ల కథ వేరు, కాని గుట్కా ప్యాకెట్ కథ అంతటా ఒక్కటే. మన రాష్ట్రంలో గుట్కా మీద నిషేధం ఉంది, అయినా దొరుకుతోంది. వక్క, గుట్కా అలవాటున్నవాళ్లకు బుగ్గల లోపల బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. ఒక పరీక్ష చెప్తాను, ఇక్కడే చేసుకోండి. మీ మూడు వేళ్లు నిలువుగా కలిపి నోట్లో పట్టాలి. పట్టకపోతే, లేదా నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే దవాఖానకు పోండి. నోటి క్యాన్సర్ ముందుగా దొరికితే ప్రాణం దక్కుతుంది. సేవాలాల్ మహరాజ్ మత్తు వద్దన్నారని జయంతి నాడు అందరం అంటాం, జేబులో ప్యాకెట్ పెట్టుకొని అనకూడదు.

నీళ్లు మారాయి, అలవాటు మారాలి

2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. తర్వాత కృష్ణా నీళ్లు మన తండాల నల్లాలకు చేరాయి. ఆ నీళ్లు పుట్టినప్పటి నుంచి తాగిన పిల్లలు ఇప్పుడు మా హాస్టళ్లకు వస్తున్నారు. చిన్న తరగతుల పిల్లల ముందు పండ్లు, పెద్ద తరగతుల అక్కల పండ్లు పక్కపక్కన చూస్తే తేడా నాకు కనిపిస్తోంది. ఒకే తండా, ఒకే ఇల్లు, ఒకే తల్లి బిడ్డలు, నీళ్లు మాత్రం వేరు.

కాని నల్లా రాని రోజు ఏం చేస్తున్నాం? మోటరు వేసి బోరు నీళ్లు పట్టుకుంటున్నాం. పెద్దవాళ్లకు ఒక రోజు సంగతి కావచ్చు, ఎనిమిదేండ్లలోపు పిల్లకు, కడుపుతో ఉన్న తల్లికి ఆ బిందె వేరుగా ఉండాలి. తాగడానికీ, వంటకూ నల్లా నీళ్లే నిలవ చేసి పెట్టండి. బోరు నీళ్లు బట్టలకు, గొడ్లు కడగడానికి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా తీయలేదు. మీ బోరు నీళ్ల మీద అనుమానం ఉంటే పంచాయతీ ద్వారా పరీక్షకు పంపించండి.

తిండి ముచ్చట. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు ఎముకకూ పండుకూ బలం. ఉసిరి, జామ, నిమ్మ ఇగుళ్లకు మంచివి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని చూపారు. మన చారు, పులుసు మనకు ఊరికే రాలేదు. అట్లని చారు తాగి బోరు నీళ్లు తాగొచ్చని కాదు, మంచి నీళ్లకు ఏదీ సాటి రాదు. పిల్లలకు పాలు లేని నల్ల చాయ్ అలవాటు చేయకండి. చాయ్ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఎక్కడికి పోవాలి

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్ష చేస్తాయి. ఆ జాబితాలో పండ్లూ ఉన్నాయి. ఆ రోజు పిల్లను బడికి తప్పకుండా పంపండి, కూలికి తీసుకుపోకండి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలు ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ దవాఖాన ఉంది. పెరిగిన పిల్లల నీళ్ల మచ్చకు కూడా దారి ఉంది. డాక్టర్లు పై పొరను సన్నగా రుద్ది మచ్చ తగ్గిస్తారు, ముదిరిన దానికి పండు రంగు పూత లేదా తొడుగు వేస్తారు. అది డాక్టరు చేసే పని, బజారులో అమ్మే తెల్లపొడి చేసే పని కాదు.

చివరగా ఈ సంఘాన్ని మూడు కోరుతున్నాను. ప్రతి తండాలో, పెంటలో "గారపండ్లు" అనే మాటతో పిల్లలను పిలవకూడదని నాయక్‌లు, పెద్దమనుషులు గట్టిగా చెప్పాలి. పెండ్లి చూపుల్లో పిల్లను నవ్వమని పండ్లు చూసే పద్ధతి ఆపాలి. ఏడాదికి ఒకసారి మన సభ రోజే పండ్ల డాక్టర్లను పిలిచి క్యాంపు పెట్టాలి. ఎక్కడ పెట్టినా మా హాస్టల్ పెద్ద పిల్లలు వచ్చి చిన్నవాళ్లకు తోమడం నేర్పుతారు, ఆ బాధ్యత నాది.

 పిల్లలూ, ఈ రాత్రి బస్సులో అలిసిపోయి వచ్చామని తోమకుండా పడుకోవద్దు, నేను వచ్చి చూస్తాను.